ముల్లంగి ఆకులు తుంచెయ్యకండి

కిందటి వారం సంతలో నా ముందు నిలబడ్డావిడ రెండు కట్టల ముల్లంగి తీసుకుంది. అమ్మే ఆవిడ అలవాటు ప్రకారం కట్టని ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో ఆకులన్నీ కలిపి మెలిపెట్టి ఒక్క లాగు లాగింది. దుంపలు సంచిలోకి, ఆకులు వెనకాల కుప్పలోకి. పొద్దున్న ఏడింటికే ఆ కుప్ప మోకాలెత్తు ఉంది. ఆకుల మీద మంచు ఇంకా ఆరనే లేదు.

నా వంతు వచ్చాక "ఆకులు తియ్యకండి, అలాగే ఇచ్చెయ్యండి" అన్నాను.

"ఎందుకండీ, మేకలున్నాయా?"

"లేవండి, మాకే. వండుకుంటాం."

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, వెనక్కి తిరిగి కుప్పలోంచి బాగున్నవి ఏరి ఇంకో నాలుగు కట్టల ఆకు నా సంచిలో కుక్కింది. "ఆయ్, అయితే ఇయ్యి కూడా పట్టుకెళ్లండి, డబ్బులేం వద్దు" అంది. ఇంటికొచ్చి సంచి దింపితే పైన దుంపలు కనపడనే లేదు, అంతా ఆకే.

ఆ కుప్ప నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ముల్లంగి కట్టని చేత్తో ఎత్తి చూడండి, అందులో ఆకు ఎంత ఉంటుందో తెలుస్తుంది. దుంప ఏ నేలలో పెరిగిందో ఆకూ ఆ నేలలోనే పెరిగింది. అదే నీరు తాగింది, రైతు అదే ఎరువు వేశాడు, తెల్లవారుజామున లేచి పీకి, కడిగి, కట్టలు కట్టి మోపెడ్ మీద వేసుకొచ్చాడు. తీరా మన చేతికి వచ్చే ముందు సగం నేలపాలు. పక్క అరుగు మీదే ఉల్లికాడల కట్ట డబ్బులిచ్చి కొంటాం, కొత్తిమీర కాడతో సహా కొంటాం, తోటకూర ధర పెరిగితే అయ్యో అనుకుంటాం. ముల్లంగి ఆకు మాత్రం ఊరికే ఇస్తున్నా వద్దంటాం.

మా అమ్మ పుట్టిల్లు గోదారి పాయల మధ్య ఉండే లంక ఊరు. శ్రావణ భాద్రపదాల్లో గోదారి పొంగి లంకల మీదకి వస్తుంది, పోతూ పోతూ ఒండ్రు వేసి పోతుంది. ఆ తడి తగ్గి నేల కాస్త గుల్లబారాక కూరగాయలు వేస్తారు. చలి మొదలయ్యేసరికి ముల్లంగి వస్తుంది, సంక్రాంతి దాటేదాకా ఉంటుంది. విత్తనం వేసిన నలభై యాభై రోజులకి దుంప చేతికొస్తుంది కాబట్టి ఒక మడి అయిపోతుంటే ఇంకో మడి వస్తూ ఉండేది. అయితే అమ్మమ్మ ఇంట్లో ముల్లంగి అంటే మొదట దుంప కాదు. విత్తనాలు చల్లినప్పుడు కొన్నిచోట్ల ఒత్తుగా మొలుస్తాయి కదా, పదిహేను ఇరవై రోజులకి ఆ ఒత్తుగా ఉన్నచోట మొక్కలు పీకి పలచన చెయ్యాలి, లేకపోతే దుంప ఊరదు. అలా పీకిన పిల్లమొక్కలు అమ్మమ్మ ఒళ్లో వేసుకొచ్చేది. వేరు ఇంకా తెల్లటి దారంలా ఉండేది. వేరుతో సహా ముక్కలు కోసి పప్పులో వేసేది. అంటే ముల్లంగి మా ఇంట్లోకి ముందు ఆకుకూరగానే వచ్చేది, దుంప నెల తరవాత వచ్చేది. ఆకు తినొచ్చా అని అడగాలని అక్కడ ఎవరికీ తోచలేదు.

తరవాత మేము టౌనుకి వచ్చేశాం, దుంప ఒక్కటే ఇంటికి రావడం మొదలైంది, ఆకు సంగతి మర్చిపోయాం. నేను మళ్లీ వండడం మొదలుపెట్టి ఐదారేళ్లయింది. ఇప్పుడు మా ఇంట్లో ముల్లంగి తెచ్చిన రోజు ఆకు కూర, మర్నాడు దుంప సాంబారు. ఆ వరస మారదు, ఎందుకంటే దుంప వారం ఆగుతుంది గానీ ఆకు ఆగదు.

ముందు కడగడం గురించి చెప్పాలి, చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. లంక ముల్లంగి ఆకుకి ఒండ్రు పట్టి ఉంటుంది. కుళాయి కింద పట్టుకుంటే పోదు, ఆకు నూగులో చిక్కుకుని అలాగే ఉంటుంది. పెద్ద బేసిన్ నిండా నీళ్లు పట్టి ఆకులన్నీ అందులో ముంచి, చేత్తో రెండుసార్లు కలియబెట్టి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలెయ్యాలి. తరవాత నీళ్లు వంపకూడదు, ఆకుల్ని పైకి ఎత్తి వేరే గిన్నెలో వెయ్యాలి. నీళ్లు వంపితే అడుగున ఉన్న మన్ను మళ్లీ ఆకులకే పడుతుంది. మొదటిసారి బేసిన్ అడుగున చూస్తే మెత్తటి ఒండ్రు, వేలితో రాస్తే గంధం తీసినట్టు వస్తుంది. రెండోసారి సగం, మూడోసారి నీళ్లు తేటగా ఉంటాయి. మూడుసార్లు కడిగితే చాలు. మందు కొట్టారేమోనని భయం ఉంటే ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి కడగండి, కొంత పోతుంది. అన్నిటికంటే మంచిది అమ్మే మనిషిని అడగడం. మా సంతలో చాలామంది సొంతంగా పండించి తెచ్చినవాళ్లే, మందు కొట్టి ఎన్ని రోజులైందని అడిగితే చెప్తారు. రెండు రోజుల కిందటే కొట్టామంటే ఆ వారం ఆకు వండకండి.

ముల్లంగి ఆకు ముట్టుకుంటే గరుకుగా ఉంటుంది, సన్నటి ముళ్లలాంటి నూగు. పచ్చిగా నోట్లో పెట్టుకుంటే గొంతుకి గుచ్చుకున్నట్టుంటుంది. "అబ్బే, అది తినేది కాదు" అని వదిలేసేది దాన్ని చూసే. బాణలిలో వేసి మూత పెట్టండి, రెండు నిమిషాల్లో ఆ గరుకంతా పోతుంది. గంపెడు ఆకు గుప్పెడవుతుంది కూడా, కాబట్టి వండే ముందు ఇంత ఆకా అని బెంగపడొద్దు.

నేను ఎక్కువగా చేసేది పెసరపప్పు వేసి ఆవ పెట్టిన కూర. నాలుగు కట్టల ఆకుకి గిద్దెడు పెసరపప్పు అరగంట ముందు నానబెడతాను. ఆకుల్లో ముదురువి, పసుపురంగు తిరిగినవి తీసేసి, మిగతావి కాడతో సహా సన్నగా తరుగుతాను. కాడ అడుగున గట్టిగా ఉంటే రెండంగుళాలు తీసెయ్యండి. నూనెలో మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక నానిన పెసరపప్పు వేసి ఒక చెంబు మూతడు నీళ్లు చల్లి, పప్పు పలుకు మీద ఉండగా ఆకు వెయ్యాలి. ఉప్పు ఆకు దిగాకే వెయ్యండి, ముందు వేస్తే ఆకు ఎంతుందో తెలియక ఉప్పు ఎక్కువైపోతుంది. పప్పు నలిగితే నలగాలి గానీ ముద్దవకూడదు. నీరంతా ఇగిరాక దించెయ్యాలి.

ఆవ సంగతి ఇక్కడ వస్తుంది. ఒక చెంచాడు ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, కాసింత ఉప్పు, కొద్దిగా నీళ్లు పోసి మెత్తగా నూరి, కూర దించి కాస్త వేడి తగ్గాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోతుంది, చేదు మిగులుతుంది. అమ్మమ్మ ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో. ఎందుకలా అన్నది నాకు తరవాత తెలిసింది. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. గింజలో రెండు పదార్థాలు విడివిడిగా ఉంటాయి, గింజ నలిగి నీళ్లు తగిలినప్పుడు రెండూ కలిసి ఘాటు పుడుతుంది. ఎక్కువ వేడి తగిలితే అందులో ఒకటి చచ్చిపోతుంది, ఇక ఘాటు రాదు. పోపులో ఆవాలు ఎన్ని వేసినా ముక్కుకి ఎక్కదు, నూరిన ఆవ మాత్రం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, కారణం ఇదే. ముల్లంగి కూడా ఆవ కుటుంబంలోదే. పచ్చి ముల్లంగి కొరికితే ముక్కుకెక్కే ఘాటు పుట్టేదీ అదే పద్ధతిలో. అందుకే ముల్లంగి ఆకుకి ఆవ అంత బాగా అతుకుతుంది, ఉడికి చప్పబడిన ఆకుకి దాని చుట్టమే వచ్చి ప్రాణం పోసినట్టుంటుంది. వేడి అన్నంలో ముందు ఈ కూర కలుపుకుని, పక్కన ఒక ఊరమిరపకాయ పెట్టుకోండి.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి దుంపకి ఆకు తోడు వెయ్యడం కొత్త కాదు. కంద బచ్చలి కూర మనదే కదా. పెళ్లిలో అయినా తద్దినంలో అయినా కార్తీక మాసం వనభోజనాల్లో అయినా విస్తట్లో కంద బచ్చలి లేకపోతే ఏదో లోటు. కంద మెత్తగా, మందంగా ఉంటుంది, బచ్చలి జిగురుగా జారుతూ ఉంటుంది, చింతపండు పులుపు, పైన ఆవ. కోనసీమలో కొబ్బరిచెట్ల కింద కంద వేస్తారు, దడి మీదకి బచ్చలి తీగ పాకుతుంది, రెండూ ఒకే పెరట్లోవి, ఒకే గిన్నెలోకి వచ్చాయి. నాకు చాలా రోజులు ఒక ఆలోచన ఉండేది. కందకి బచ్చలిని పక్కనుంచి తెచ్చుకుంటున్నాం, మరి ఆకు తనకే ఉన్న దుంపలకి ఆ ఆకే ఎందుకు వెయ్యకూడదు అని. కంద ఆకు జోలికి మాత్రం నేను పోలేదు, దాని దురద తట్టుకోవడం నా వల్ల కాదు. చేమదుంపతో చేసి చూశాను.

చేమ గురించి మాట్లాడే ముందు నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి, ఇంకొకరు చెయ్యకుండా. చేమాకు మొదటిసారి వండినప్పుడు ఆఫీసుకి టైమైపోతోందని హడావిడిగా చేశాను. చింతపండు నానబెట్టి లేదు, రెండు టమాటాలు వేసి సరిపెట్టాను. ఆకు రంగు మారగానే ఉడికిందనుకుని దించేశాను. మధ్యాహ్నం మా అత్తగారు తిన్నారు. మూడు ముద్దలకే గొంతు పట్టుకుని "ఏంటమ్మా, గొంతులో సూదులు గుచ్చుతున్నట్టుంది" అని ఫోన్ చేశారు. నాకు చేతులు ఆడలేదు, పర్మిషన్ పెట్టి ఇంటికి పరుగెత్తాను. ఈలోగా ఆవిడే చింతపండు బెడ్డ ఒకటి నోట్లో వేసుకుని, పుల్ల మజ్జిగ రెండు గ్లాసులు తాగారు. గంటకి తగ్గింది. నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం కత్తిపీట ముందేసుకుని కూర్చుని, మిగిలిన ఆకుతో ఎలా చెయ్యాలో చేసి చూపించారు.

ఆవిడ అన్న సూదులు నిజంగా ఉంటాయి. చేమ ఆకులో, కాడలో, దుంపలో కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్ అంటారు. కంద దురదా వాటి వల్లే. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు" అంటారు గానీ కోసే చేతికి మాత్రం తప్పదు. అందుకని చేతికి నూనె రాసుకుని కొయ్యాలి, నీళ్లు తగలకుండా పొడి చేత్తో. లేత ఆకులే తీసుకోవాలి, ఇంకా పూర్తిగా విచ్చుకోకుండా చుట్ట చుట్టుకుని ఉన్నవి అన్నిటికంటే మంచివి. కాడ చివర గోటితో పట్టి లాగితే పైన పొరలాగా నార ఊడొస్తుంది, పొడుగ్గా, తీగలా. అది మొత్తం తీసెయ్యాలి. మా అత్తగారు ఒక్కో కాడకి మూడు వైపులా లాగేవారు, చివరికి కాడ లేతాకుపచ్చ రంగులో నున్నగా, తడిగా మెరుస్తూ మిగిలేది. తరవాత పెద్ద నిమ్మకాయంత చింతపండు గుజ్జు పోసి, ఆకు కాడ అన్న తేడా తెలియనంత దాకా ఉడికించాలి. కనీసం ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, కుక్కర్లో అయితే ఐదు కూతలు. పులుపు ఒక్కటే ఉంటే చాలదు, ఉడకడం ఒక్కటే ఉన్నా చాలదు, రెండూ కావాలి. గుజరాత్ వాళ్లు ఇదే ఆకుకి శనగపిండి, చింతపండు కలిపి పూసి చుట్టి పాత్రా చేస్తారు, అక్కడ కూడా పులుపు పుయ్యకుండా చెయ్యరు.

అలా ఉడికిన ఆకులో, విడిగా ఉడకబెట్టి తొక్క తీసిన చేమదుంపలు రెండు ముక్కలు చేసి వేసి, చిన్న బెల్లం ముక్క, ఉప్పు, కారం, కాస్త బియ్యప్పిండి జారుగా కలిపి పోసి, దగ్గర పడ్డాక దించి, వెల్లుల్లి పోపు పెట్టండి. దుంప జిగురు, ఆకు మెత్తదనం కలిసి పులుసు చిక్కగా వస్తుంది. మా ఇంట్లో ఇది ఆదివారం వంట, వారం మధ్యలో చెయ్యను, ఎందుకంటే దీనికి తొందర పనికిరాదు.

ఇంకొక్కటి. కాలవ గట్ల మీద, మురుగు డ్రైన్ల పక్కన గొడుగుల్లాంటి ఆకులతో చేమ బోలెడంత ఉంటుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. అది కొయ్యకండి. అడవి చేమ దురద మామూలుగా ఉండదు, పైగా ఆ డ్రైన్లలోకి ఊరి మురుగు, చెరువుల నుంచి వదిలిన నీళ్లు అన్నీ వస్తాయి. పెరట్లో వేసుకున్నదో, దుంప కోసం పండించే రైతు దగ్గర తెచ్చిందో అయితేనే వండండి.

బీట్‌రూట్ ఆకు దగ్గర ఆ దురద భయం లేదు, చాలామంది ఈ రోజే మొదలుపెట్టొచ్చు. ఎర్రటి కాడ, ఎర్రటి ఈనెలు, మధ్యలో ముదురాకుపచ్చ. పాలకూర కుటుంబమే, రుచీ అటుగానే ఉంటుంది, కాస్త మట్టివాసన, కాస్త తీపి. కాడలు వేరు, ఆకులు వేరు చెయ్యండి, కాడ ఉడకడానికి టైం పడుతుంది. కాడలు అంగుళం ముక్కలుగా కోసి, నూనెలో మగ్గనిచ్చి, సగం మెత్తబడ్డాక ఆకు తరిగి వేసి, దించే ముందు పచ్చికొబ్బరి కోరు గుప్పెడు. కొబ్బరికి మనకి కొదవ లేదు కదా. మా అమ్మాయికి మాత్రం పెరుగు పచ్చడి ఇష్టం. ఆకుని వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, నీళ్లు పిండేసి, సన్నగా తరిగి, గట్టి పెరుగులో కలిపి ఇంగువ పోపు పెడితే గిన్నెంతా గులాబీరంగు. ఆ నీళ్లు పారబొయ్యమనడానికి కారణం ఉంది. బీట్‌రూట్ ఆకులో ఆక్సలేట్లు ఎక్కువ, అందులో కొంత నీళ్లలోకి దిగిపోతుంది. మిగిలినదాన్ని కూడా పెరుగులో ఉన్న కాల్షియం కడుపులోనే కొంత పట్టేస్తుంది, ఒంట్లోకి పోనివ్వదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఇవి తినాలో వద్దో డాక్టర్ని అడిగే తినండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు కూడా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, వీటిల్లో విటమిన్ కె చాలా ఉంటుంది, అది ఆ మందు పనిని తగ్గిస్తుంది. మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయ్యాక ఈ సంగతి తెలిసింది.

ఆకులో ఏముంటుంది, దుంపే కదా బలం అనేవాళ్లకి ఒక మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టికల్లో ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు, చేమాకు మూడూ తోటకూర, గోంగూరల వరసలోనే ఆకుకూరలుగా ఉన్నాయి. కాల్షియం, విటమిన్ సి లాంటివి ముల్లంగి దుంపలో కంటే ఆకులోనే ఎక్కువ. నెలంతా మాత్రలు కొనుక్కుంటూ ఆకు పారేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

క్యారెట్ మన వైపు ఆకుతో రావడం తక్కువ, ఎక్కడినుంచో లారీల్లో వస్తుంది, ఆకు అక్కడే కోసేస్తారు. మా మేడ మీద కుండీల్లో వేసుకున్నప్పుడే నాకు ఆకు చేతికి వచ్చింది. కొత్తిమీర, జీలకర్ర, వాము కుటుంబం, ముట్టుకుంటేనే వాసన తెలుస్తుంది. క్యారెట్ ఆకు విషం అని ఎవరో అంటే మా పక్కింటావిడ భయపడ్డారు, అదేం కాదు, తినొచ్చు. కాస్త చేదుంటుంది, అంతే. కూర చేస్తే పీచు పీచుగా అనిపించింది నాకు. లేత రెమ్మలు నూనెలో వాడ్చి, వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, చింతపండు వేసి రోట్లో నూరితే పచ్చడి చాలా బాగుంది, నువ్వులు ఆ చేదుని మింగేస్తాయి.

చిలగడదుంప ఆకు గురించి ఇంకా ఎక్కువమందికి తెలియాలి. శివరాత్రికి ఉపవాసాలుండేవాళ్లు దుంప ఉడకబెట్టుకుని తింటారు గానీ, దుంప తవ్వేటప్పుడు పైన తీగంతా గట్టున పడేస్తారు. అదీ, నీళ్లలో పెరిగే తూటికూరా ఒకే కుటుంబం. పువ్వు చూడండి, రెండిటికీ గరాటులా ఒకేలాగా ఉంటుంది. తీగ చివర లేత కొసలు నాలుగైదు ఆకులతో సహా గిల్లుకోండి, గోటికి ఫట్‌మని విరిగితే లేతది, సాగితే వదిలెయ్యండి. దురద లేదు, చేదు లేదు, గరుకు లేదు, కందిపప్పులో వేస్తే బచ్చలిలా కమ్మగా ఉంటుంది. దుంప తవ్వే దాకా ఆగక్కర్లేదు కూడా, మధ్యలో అప్పుడప్పుడు కొసలు గిల్లుకుంటే తీగకి ఏమీ కాదు. తీగ మరీ బోడి చేస్తే మాత్రం దుంప చిన్నదవుతుంది.

అన్ని ఆకులూ ఇలా తినేయొచ్చనుకోకండి, ఇది గట్టిగా చెప్పాలి. బంగాళాదుంప ఆకు తినకూడదు. అది విషం, సొలనిన్ అని ఉంటుంది అందులో, పచ్చరంగు తిరిగిన దుంపలో ఉండేదీ అదే, ఎంత ఉడకబెట్టినా పూర్తిగా పోదు. మనకి పైన మెట్ట ప్రాంతంలో, పెద్దాపురం సామర్లకోట వైపు సగ్గుబియ్యం కోసం కర్రపెండలం వేస్తారు, దాని ఆకులోనూ సైనైడ్ పుట్టించే పదార్థం ఉంది. ఆఫ్రికాలో కొన్ని దేశాలవాళ్లు దంచి చాలాసేపు ఉడకబెట్టి తింటారు, వాళ్లకి తరాలుగా వచ్చిన పద్ధతి అది. మన ఇళ్లల్లో ఆ అలవాటు లేదు, ప్రయోగాలు చెయ్యొద్దు. పిల్లలున్న ఇంట్లో అయితే మరీను.

ఇంటికి తెచ్చాక ఏం చెయ్యాలంటే, రాగానే ఆకుని దుంప నుంచి వేరు చేసెయ్యండి. అలాగే ఉంచితే ఆకు దుంపలో తడిని లాగేస్తుంది, రెండో రోజుకి దుంప మెత్తబడి వంగిపోతుంది, ఆకూ వాడిపోతుంది. తలకట్టు దగ్గర అర అంగుళం కాడ ఉంచి కొయ్యండి. ఆకుని కడక్కుండా, పాత నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటుంది. నేను మాత్రం తెచ్చిన రోజే వండేస్తాను.

మళ్లీ మొన్న సంతకి వెళ్లాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి, కట్ట తీస్తూ "ఆ రోజు చెప్పారు కదా, ఎలా వండుతారండీ?" అని అడిగింది. పెసరపప్పు, ఆవ, అంతా చెప్పాను. వెనక జనం ఉన్నారు, అయినా చెప్పాను. ఆవిడ అంతా విని, "మాది నరసాపురం వైపండి, మా అమ్మ ఇందులో ఎండురొయ్యలు వేసేది. నాకూ ఇప్పుడు గుర్తొచ్చింది, మర్చేపోయాను" అంది. రొయ్యలు తలా తోకా గిల్లి, ముందు నూనె లేకుండా వేయించి, వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, ఉల్లిపాయ వేగాక వేసి, అప్పుడు ఆకు వెయ్యాలట. నీళ్లు పొయ్యకూడదట. ఆవిడ చెప్పిన ప్రకారం ఆ మధ్యాహ్నమే చేశాను. మా ఆయన మూత తియ్యకముందే గుమ్మంలోంచి "ఎండురొయ్యలా?" అన్నారు. రెండు కట్టలే తెచ్చాను, రాత్రికి మిగల్లేదు.